ముందు బండి చూసింది వెనక బండికి చెప్పేదెవరు?

ఈసారి మన ప్రశ్న–జవాబు శీర్షికకి వచ్చిన మెయిళ్లూ వాట్సాప్‌లూ చాలా భాగం రోడ్ల గురించే. బండ్లలోకి సిమ్‌లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, ట్రాకింగ్ డబ్బాలు వచ్చాయి, అవి రోజూ మన గురించి బోలెడు సమాచారం ఎక్కడెక్కడికో పంపుతున్నాయి, మరి దాంతో ఒక్క ప్రాణమైనా నిలబడుతోందా అన్నదే అందరి అనుమానం. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాను. ఒకటి రెండు జవాబులు బాగా పొడుగయ్యాయి, విషయం అలాంటిది, ఏమనుకోకండి.

ప్రశ్న (కోదాడ నుంచి ఒక పాఠకుడు): సార్, కర్నూలు దగ్గర బస్సు తగలబడ్డప్పటి నుంచి నా మనసులో ఒకటే తిరుగుతోంది. ఆ బైక్ అప్పటికే రోడ్డు మీద పడి ఉందట కదా. ఇప్పుడు చాలా కొత్త కార్లలో సిమ్ ఉంటోంది, ప్రతి డ్రైవర్ దగ్గరా ఫోన్ ఉంటోంది, వెనక వచ్చేవాడికి "ముందు బండి పడి ఉంది, మెల్లగా రా" అని చెప్పే పద్ధతి ఒక్కటి కూడా లేదా?

జవాబు: పద్ధతి ఉందండి, మన దగ్గరే ఇంకా రోడ్డెక్కలేదు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర కాలిపోయింది, 19 మంది ప్రయాణికులు పోయారు. పోలీసులు చెప్పినదాని ప్రకారం వానలో బైక్ జారి డివైడర్‌కి కొట్టుకుంది, నడిపే అబ్బాయి అక్కడికక్కడే చనిపోయాడు, వెనక కూర్చున్నతను అతన్ని పక్కకి లాగాడు గానీ బైక్‌ని తీసేలోపే బస్సు వచ్చి దాన్ని ఈడ్చుకుపోయింది. మంటలు అంత తొందరగా ఎందుకు అంటుకున్నాయి, జనం ఎందుకు బయటపడలేకపోయారు అన్నవి వేరే ప్రశ్నలు, వాటికి జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు. మీరు అడిగిన ముక్క మాత్రం దానికి ముందుది, బైక్ పడటానికీ బస్సు రావడానికీ మధ్యలో ఉన్న టైముది.

ఆ బైక్ తనంతట తను ఎవరికీ చెప్పలేదు, మామూలు బైక్‌కి ఆ ఏర్పాటు ఉండదు. కానీ అలా పడి ఉన్నదాన్ని తప్పించుకుని పోయే చాలా కొత్త కార్లకి విషయం తెలుస్తుంది. ఎలాగంటే, తొంభై స్పీడులో నేరుగా పోతున్న బండి ఒక్కసారి బ్రేక్ గట్టిగా తొక్కి, స్టీరింగ్ పక్కకి కోసి, మళ్లీ లేన్‌లోకి వచ్చిందనుకోండి, ఆ రెండు మూడు సెకన్లలో జరిగిందంతా కారు లోపలి కంప్యూటర్‌కి తెలుసు, ఎందుకంటే బ్రేక్ మీద ఎంత ఒత్తిడి పడింది, ఏ చక్రం ఎంత వేగంగా తిరిగింది, స్టీరింగ్ ఎంత తిరిగింది అన్నది బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేయడానికీ బండి పల్టీ కొట్టకుండా చూడటానికీ అది ఎలాగూ క్షణక్షణం కొలుచుకుంటూనే ఉంటుంది. ఒక్క కారు అలా చేస్తే డ్రైవర్‌కి కునుకు పట్టిందేమో అనుకోవచ్చు, కుక్క అడ్డమొచ్చిందేమో అనుకోవచ్చు. అదే చోట వరసగా మూడు బండ్లు అలాగే పక్కకి జరిగాయంటే అక్కడ రోడ్డు మీద ఏదో ఉన్నట్టే. ఆ మాట జీపీఎస్ పాయింట్‌తో సహా సిమ్ ద్వారా సర్వర్‌కి వెళ్లి, అక్కడి నుంచి అటువైపు వస్తున్న బండ్ల స్క్రీన్ మీదకి "ముందు అడ్డం ఉంది" అని రావాలి. సెకన్ల పని.

యూరప్ వాళ్లు ఈ విషయంలో 2013లోనే రూల్ రాసుకున్నారు. జారుడు రోడ్డు, రోడ్డు మీద జంతువో మనిషో విరిగిపడ్డ సామానో ఉండటం, ఇంకా ఎవరూ కాపలా లేని యాక్సిడెంట్ చోటు, రాంగ్ రూట్లో వస్తున్న బండి, పొగమంచు, అప్పటికప్పుడు మొదలైన రోడ్డు పని, ఇలా ఎనిమిది రకాల సమాచారం ఎవరి దగ్గరున్నా సరే రోడ్డు మీద పోయేవాళ్లకి వీలైనంతవరకు పైసా తీసుకోకుండా అందించాలి అని. ఆ తర్వాత డేటా ఫర్ రోడ్ సేఫ్టీ అనే ఏర్పాటు చేసుకున్నారు, అందులో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఫోర్డ్, వోల్వో లాంటి కార్ల కంపెనీలు, హియర్, టామ్‌టామ్ లాంటి మ్యాప్ కంపెనీలు, కొన్ని దేశాల రోడ్డు శాఖలు అన్నీ ఉన్నాయి. షోరూముల్లో ఒకరి కస్టమర్‌ని ఒకరు లాక్కునే కంపెనీలు కూడా ప్రమాదం కబురు దగ్గరికొచ్చేసరికి నీ కారు చూసింది నా కారుకి చెప్పు, నా కారు చూసింది నీ కారుకి చెప్తా అని ఒప్పుకున్నాయి. నాకు ఇందులో టెక్నాలజీ కంటే ఈ ఒప్పుకోవడమే పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఒకే కంపెనీ కార్ల మధ్యే కబురు తిరిగితే మన హైవే మీద దానివల్ల ఏం లాభం, ముందు పోయేది ఒక కంపెనీ కారు, వెనక వచ్చేది ఇంకో కంపెనీ బస్సు, మధ్యలో లారీ.

సిగ్నల్ లేని చోట ఎలా అని మీకు అనుమానం రావచ్చు. దానికి వీ2వీ అని ఇంకో దారి ఉంది, టవర్‌తో సంబంధం లేకుండా 5.9 గిగాహెర్ట్జ్ రేడియో మీద బండి బండితో నేరుగా మాట్లాడుకోవడం, కొన్ని వందల మీటర్ల దూరం వరకు. కాకపోతే రెండు బండ్లలోనూ ఆ పరికరం ఉండాలి, అదే చిక్కు. మన దగ్గర 2025 డిసెంబర్‌లో నేషనల్ హైవేలు చూసే సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ జియోతో ఒప్పందం చేసుకుంది, యాక్సిడెంట్లు ఎక్కువయ్యే చోట్లు, పశువులు తిరిగే చోట్లు, పొగమంచు పట్టే చోట్లు దగ్గరకొస్తుంటే ఫోన్‌కి హెచ్చరిక పంపడానికి. మంచిదే. కానీ అది చాలావరకు ముందే తెలిసిన చోట్ల గురించి, పది నిమిషాల క్రితం పడ్డ బైక్ గురించి కాదు. మీరు అడిగింది ఆ రెండోది, దానికి కంపెనీలు తమంతట తాము ముందుకొస్తాయని నేను అనుకోను, ప్రమాదం కబురు పంచుకోవడం తప్పనిసరి అని కేంద్రం రూల్ పెట్టాల్సిందే.

అది వచ్చేదాకా మీరూ నేనూ చేయగలిగింది ఒకటుంది. హైవే మీద పడిపోయిన బండో, చచ్చిన పశువో, లారీ మీంచి జారిన బస్తానో కనిపిస్తే తప్పించుకున్నాం కదా అని పోవద్దు. కాస్త ముందుకెళ్లి రోడ్డు దిగి ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, 1033కి ఫోన్ చేయండి, అది నేషనల్ హైవే హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది. మనుషులు దెబ్బలతో ఉంటే 108, లేదా 112. దాన్ని మీరే తీసేద్దామని చీకట్లో లేన్‌లోకి నడిచి వెళ్లొద్దు, దయచేసి.

ప్రశ్న (స్వీడన్, గోథెన్‌బర్గ్ నుంచి ఒక పాఠకురాలు, సొంతూరు తణుకు): మొన్న పొద్దున పిల్లని స్కూల్‌కి తీసుకెళ్తుంటే మా వోల్వోలో "ముందు రోడ్డు జారుడుగా ఉంది" అని వచ్చింది, బయట చూస్తే రోడ్డు మామూలుగానే ఉంది, మలుపు తిరిగాక నిజంగానే గాజులా ఐస్. ఇది వాతావరణ శాఖ చెప్పిందా, ఇంకెవరైనానా?

జవాబు: ఇంకో కారు చెప్పిందండి. మీకంటే ముందు ఆ మలుపు తిరిగిన కారు చక్రం కొంచెం జారింది, రోడ్డుకీ టైరుకీ పట్టు ఎంత తగ్గిందో ఆ కారు లెక్కేసి పైకి పంపింది, పేరూ నంబరూ లేకుండా కేవలం చోటు మాత్రమే. వోల్వో దీన్ని 2016లో స్వీడన్, నార్వేల్లో మొదలుపెట్టి, 2019లో యూరప్ అంతటికీ తెస్తున్నట్టు ప్రకటించింది. ఎవరైనా పార్కింగ్ లైట్లు వేసినా దగ్గర్లో వస్తున్న వోల్వోలకి కబురు పోతుంది. మొదట్లో ఆ రెండు దేశాల రోడ్డు శాఖలతో కలిసి పరీక్షించారు, అందువల్ల ఎక్కడ ఉప్పు చల్లాలో వాళ్లకీ తెలిసే వీలు కలిగింది.

మీ ఉత్తరం చదివాక నాకు మన యాసంగి కోతలు గుర్తొచ్చాయి. ఏప్రిల్, మే వచ్చిందంటే తెలంగాణ పల్లెల్లో రోడ్డు సగం వడ్ల కింద ఉంటుంది, కుప్ప మీద నల్ల పట్టా, పట్టా ఎగిరిపోకుండా అంచుల మీద బండరాళ్లు, రాత్రి బైక్ మీద వచ్చేవాడికి ఆ నలుపు రోడ్డులో కలిసిపోయి కనిపించదు. రైతుని తిట్టి లాభం లేదు, కల్లం లేకపోతే ఎక్కడ ఆరబోసుకుంటాడు. ఈ కుప్పలు వారానికో చోటికి మారతాయి, ఏ మ్యాప్‌లోనూ ఉండవు, అటు పోయే బండ్లు ఎక్కడ సడన్‌గా పక్కకి జరుగుతున్నాయో చూస్తేనే తెలుస్తాయి. మీ ఊళ్లో ఐస్‌కి చేసిన పని మా ఊళ్లో వడ్లకి చేయొచ్చు, అలా చూడాలి దీన్ని.

ప్రశ్న (నల్లగొండ జిల్లా నుంచి ఒక ఆర్టీసీ డ్రైవర్ భార్య): మా ఆయన నడిపే బస్సుకు అద్దం మీద కెమెరా పెట్టిన్రు. ముందు బండి దగ్గరకొస్తే కూత పెడతదంట, గీత దాటితే కూత పెడతదంట. అదంతా రికార్డయి పై ఆఫీసుకు పోతదని, ఎన్ని కూతలైతే అన్ని మెమోలని డిపోల అనుకుంటున్రంట. ఇది ఆయన మంచికేనా, నౌకరికి ఎసరు పెట్టేదా?

జవాబు: అమ్మా, ఆ కెమెరా మీ ఆయన ప్రాణానికి మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. ఉద్యోగానికి మంచిదా కాదా అన్నది ఆ రికార్డుతో పైవాళ్లు ఏం చేస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను, ఆయనకి కూడా చదివి వినిపించండి.

ఈ పని మన దేశంలో పెద్ద ఎత్తున ఐరాస్టే అనే ప్రాజెక్టుతో మొదలైంది. 2021 సెప్టెంబర్‌లో నాగపూర్ సిటీ బస్సుల్లో పెట్టారు, ఇంటెల్, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్‌ఆర్‌ఐ, నాగపూర్ కార్పొరేషన్ కలిసి. ఆ తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకీ వచ్చింది, 200 హైవే బస్సుల లక్ష్యంతో. అద్దానికి పెట్టిన కెమెరా రోడ్డు వైపు చూస్తుంది, ముందు బండికీ మనకీ ఎంత దూరం, ఈ స్పీడులో ఎన్ని సెకన్లలో తగులుతాం అని లెక్కేస్తూ ఉంటుంది, రెండు రెండున్నర సెకన్లు మిగిలి ఉండగానే కూత పెడుతుంది. రెండున్నర సెకన్లు అంటే ఏముంది అనిపిస్తుంది, ఎనభై స్పీడులో అది యాభై అయిదు మీటర్లు. అర్ధరాత్రి డ్యూటీలో కళ్లు మూతపడే టైములో యాభై అయిదు మీటర్లు ముందుగా ఒకరు లేపితే ఎలా ఉంటుందో మీ ఆయనకి నేను చెప్పక్కర్లేదు.

ఇక రికార్డు సంగతి. ప్రతి కూతా ఎక్కడ వచ్చిందో జీపీఎస్‌తో నోటయి సర్వర్‌కి పోతుంది, అది నిజమే. దాన్ని దేనికి వాడాలన్నది ఆ ప్రాజెక్టులో ముందే అనుకున్నారు, వాళ్లు దాన్ని గ్రే స్పాట్ అంటారు. బ్లాక్ స్పాట్ మీకు తెలిసే ఉంటుంది. నేషనల్ హైవే మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావులూ తీవ్ర గాయాలూ అయిన యాక్సిడెంట్లు 5 జరగాలి, లేదా మూడేళ్లలో 10 మంది చనిపోవాలి, అప్పుడు దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అంటే అయిదు పెద్ద యాక్సిడెంట్లు గానీ పది చావులు గానీ అయ్యేదాకా ఆ మలుపు కాగితం మీద మంచి మలుపే. మీ దారే చూడండి, హైదరాబాద్–విజయవాడ హైవే మీద చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల, కట్టంగూర్ అంటూ 17 బ్లాక్ స్పాట్లు గుర్తించారు, ఇప్పుడు అండర్‌పాస్‌లు, సర్వీస్ రోడ్లు అని పనులు. ప్రతి పేరు వెనకా ఎన్ని ఇళ్లు కూలాయో ఆ ఊళ్లవాళ్లకి తెలుసు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటే ఇదే కదా. కూతల రికార్డు ఆ బావి ముందే తవ్వమంటుంది. యాక్సిడెంట్ కాలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఫలానా క్రాస్‌రోడ్డు దగ్గర బస్సులన్నీ రోజూ గట్టిగా బ్రేకులు తొక్కుతున్నాయి, రోజూ కూతలు వస్తున్నాయి అంటే అదే గ్రే స్పాట్, రేపటి బ్లాక్ స్పాట్, ఇవాళే లైటు పెట్టండి, ఇవాళే చెట్టు కొమ్మ కొట్టండి, డివైడర్‌లో అడ్డదిడ్డంగా కొట్టుకున్న సందు మూయండి అని చెప్పడం.

అందుకే మెమోల మాట వింటే బాధేస్తుంది. కూత డ్రైవర్ వల్ల వచ్చిందా రోడ్డు వల్ల వచ్చిందా అని తేల్చడం కష్టం కాదు. ఒకే డ్రైవర్‌కి ఎక్కడపడితే అక్కడ కూతలొస్తుంటే అతన్ని కూర్చోబెట్టి మాట్లాడాలి, నిద్ర సరిపోతోందా, డబుల్ డ్యూటీ పడుతోందా, కళ్ల పరీక్ష ఎప్పుడయ్యింది అని. అందరు డ్రైవర్లకీ ఒకే చోట కూతలొస్తుంటే డ్రైవర్లని వదిలేసి రోడ్డు చూడాలి. ఈ తేడా చూడకుండా లెక్కపెట్టి మెమోలిస్తే ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు, కెమెరా మీద గుడ్డ కప్పుతారు, వైరు లూజవుతుంది, చివరికి రోడ్డు గురించి చెప్పే నోరు ఒకటి మూగబోతుంది. మీ ఆయన్ని ఒక పని చేయమనండి. డిపో మేనేజర్‌కి నలుగురు డ్రైవర్లు కలిసి ఒక కాగితం రాసి, మా రూట్లో కూతలు ఎక్కువొచ్చే చోట్ల లిస్టు నెలకోసారి మాకూ చూపించండి, రోడ్డు శాఖకి ఏం రాశారో చెప్పండి అని అడగమనండి. ఆ చోట్లు ఎందుకు ప్రమాదమో కంప్యూటర్ కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు, ఏ దాబా ముందు లారీలు అడ్డంగా ఆపుతారో, ఏ ఊరి దగ్గర పొద్దున బర్రెలు దాటతాయో.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక ఉద్యోగిని): ఆఫీస్ క్యాబ్‌లో సీటు పక్కన ఎర్ర బటన్ ఉంది. నొక్కితే ఎవరికి వెళ్తుంది? డ్రైవర్‌ని అడిగితే నవ్వేసి ఊరుకున్నాడు.

జవాబు: అది పానిక్ బటన్. 2019 జనవరి 1 నుంచి రిజిస్టర్ అయిన బస్సులకీ క్యాబ్‌లకీ ఆ బటనూ, లోపలెక్కడో ఉండే ట్రాకింగ్ డబ్బా రెండూ తప్పనిసరి, ఆటోలకీ ఈ–రిక్షాలకీ లేదు. ఆ డబ్బాకి పెట్టిన ప్రమాణం పేరు ఏఐఎస్ 140. అందులో సిమ్ లోపలే బిగించి ఉంటుంది, బండి బ్యాటరీ తీసేసినా కనీసం నాలుగు గంటలు నడిచే సొంత బ్యాటరీ ఉండాలి, ఎవరైనా వైరు పీకితే ఆ మాట కూడా పంపాలి. స్పీడు, సడన్ బ్రేకు, మలుపులో రఫ్‌గా కోయడం కూడా పంపుతుంది. బటన్ నొక్కితే బండి ఎక్కడుందో కంట్రోల్ సెంటర్‌కి పోవాలి.

పోవాలి అనే అంటున్నాను, ఎందుకంటే డబ్బా కొనడం ఒక ఎత్తు, అవతల ఇరవై నాలుగు గంటలూ చూసే మనిషి ఉండటం ఇంకో ఎత్తు. ఫిట్‌నెస్ పరీక్ష రోజు వెలిగిన డబ్బా సిమ్ గడువైపోయాక ఊరికే వేలాడుతుంటే దానివల్ల ఏమీ లేదు. మీ ఆఫీసులో ట్రాన్స్‌పోర్ట్ చూసేవాళ్లని అడగండి, మూడు నెలలకోసారి ముందుగా చెప్పి ఒక బండిలో బటన్ నొక్కి చూపించమని, ఎంతసేపట్లో ఎవరు ఫోన్ చేస్తారో చూడమని. అది తేలేదాకా ఫోన్‌లో 112ని ఒక్క నొక్కుకి వచ్చేలా పెట్టుకోండి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక తండ్రి): మా అబ్బాయికి కొత్త కారు కొనిచ్చాను, యాప్ నా ఫోన్‌లో ఉంది. 100 దాటితే నాకు మెసేజ్ వస్తది. మొన్న ఫోన్ చేసి అరిచిన, వాడు నాతోని మాట్లాడుతలేడు. చూసుడు మానేయాల్నా?

జవాబు: మానేయకండి, కానీ అతను నడుపుతుండగా ఫోన్ చేయడం మాత్రం ఇవాళ్టితో మానేయండి అన్నా. స్పీడుగా పోతున్నవాడికి ఫోన్ చేసి తిట్టడం కంటే ప్రమాదం ఏముంటుంది. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు, ఎక్కువ చావులు ఓవర్ స్పీడ్ ఖాతాలోనే పడ్డాయి, మీ భయం అర్థం లేనిది కాదు. కానీ 100 అనే ఒక్క అంకె పట్టుకుంటే లాభం లేదు, ఖాళీ హైవే మీద 100 వేరు, మార్కెట్ రోడ్డులో 60 వేరు. ఆదివారం తీరిగ్గా ఇద్దరూ కూర్చుని వారం రిపోర్టు చూడండి, సడన్ బ్రేకులు ఎక్కడ పడ్డాయి, రాత్రి పదకొండు తర్వాత ఎన్నిసార్లు తిరిగాడు అని. ఎందుకు పడిందో అతన్నే చెప్పనివ్వండి.

అసలు ఆ సిమ్‌లో మీకు పనికొచ్చేది ఇంకోటుంది. చాలా కనెక్టెడ్ కార్లలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోగానే కారు తనంతట తనే కాల్ సెంటర్‌కి చెప్పి, మీరు ఇచ్చిన నంబర్లకి కబురు పంపుతుంది. ఆ నంబర్లలో మీది ఉందో లేదో, చందా గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి, మొదటి రెండు మూడేళ్లు ఫ్రీ అని ఇచ్చి ఆ తర్వాత కట్టకపోతే ఆపేస్తారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. యూరప్‌లో దీన్ని చందాల మీద వదలలేదు, 2018 మార్చి 31 నుంచి కొత్త మోడల్ కార్లన్నిటికీ ఈకాల్ తప్పనిసరి చేశారు, గుద్దుకోగానే కారే 112కి ఫోన్ చేస్తుంది, మామూలు రోజుల్లో నిద్రపోతూ ఉంటుంది, ఎవరినీ ట్రాక్ చేయదు. ప్రాణం కాపాడే భాగానికి నెలనెలా చందా ఏంటని నాకూ కోపమే. ఇంకోమాట, రేపు కారు అమ్మేటప్పుడు యాప్‌లోంచి ఆ కారుని తీసేయండి, లేకపోతే కొన్నవాళ్లు ఎక్కడ తిరుగుతున్నారో మీ ఫోన్‌లో కనిపిస్తూ ఉంటుంది.

ప్రశ్న (అమెరికా, డల్లాస్ నుంచి ఒక పాఠకుడు): యాక్సిడెంట్ లేదు, ట్రాఫిక్ జరిమానా టికెట్ లేదు, అయినా నా ఇన్సూరెన్స్ పెరిగింది. కారు నా మీద చాడీలు చెప్తోందా?

జవాబు: చెప్పే అవకాశం ఉంది. అక్కడ జనరల్ మోటార్స్ కార్లలో డ్రైవింగ్ తీరు లెక్కకట్టే ఆన్‌స్టార్ స్మార్ట్ డ్రైవర్ అనే సర్వీసు కేసు బయటపడింది కదా, కొన్ని సందర్భాల్లో మూడు సెకన్లకోసారి లొకేషన్ తీసుకుని, సడన్ బ్రేకులూ రాత్రి డ్రైవింగూ లెక్కలు ఇన్సూరెన్స్ వాళ్లకి రిపోర్టులు ఇచ్చే సంస్థలకి అమ్మారని, జనానికి అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోలేదని అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2025 జనవరిలో చర్య తీసుకుంది, అలాంటి సంస్థలకి అయిదేళ్లు ఆ డేటా ఇవ్వకూడదని. మీ కారు ఏదైనా సరే అలాంటి రిపోర్టులిచ్చే లెక్సిస్‌నెక్సిస్ అనే సంస్థ దగ్గర మీ పేరు మీదున్న ఫైలు ఉచితంగా అడిగి తెప్పించుకోండి, తప్పులుంటే అభ్యంతరం పెట్టండి, కారు సెట్టింగ్స్‌లో డేటా షేరింగ్ ఆపండి.

మన దేశంలో 2022 జూలైలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఎలా నడిపితే అలా ప్రీమియం అనే పాలసీలకి ఒప్పుకుంది, అది మనం కావాలని ఎంచుకుంటేనే. 2023 డేటా రక్షణ చట్టం కూడా ఏ పనికని చెప్పి తీసుకున్నారో ఆ పనికే వాడాలి అంటోంది. ఇది గట్టిగా నిలబడాలి, ఎందుకంటే సడన్ బ్రేక్ వేస్తే ప్రీమియం పెరుగుతుందని భయం పట్టుకున్నవాడు, అడ్డమొచ్చిన పిల్లాడి కోసం బ్రేక్ తొక్కడానికి ఒక్క క్షణం ఆలోచించినా ఈ టెక్నాలజీ అంతా దండగ.

ప్రశ్న (మార్కాపురం వైపు నుంచి ఒక సర్పంచ్): అయ్యా, ఇవన్నీ కొత్త కార్ల కబుర్లు. మా ఊరి మలుపులో తిరిగేవి ఆటోలు, ట్రాక్టర్లు, పాత బైకులు. మా మలుపు గురించి ఏ కంప్యూటర్‌కి తెలుస్తుంది?

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదేనండి సర్పంచ్ గారూ. 2022లో పోయినవాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే, వాళ్ల బండ్లలో ఎక్కువ భాగం ఎవరికీ ఏమీ చెప్పవు. కార్ల డేటా ఒక్కటే చూసి రోడ్లు బాగుచేస్తే కార్లు ఎక్కువ తిరిగే రోడ్లే బాగుపడతాయి, మీ మలుపు మ్యాప్‌లో ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ డేటాతో పనిచేసే ఇంజనీర్లు ఇది గుర్తుపెట్టుకోకపోతే న్యాయం జరగదు.

కాబట్టి మీ మలుపు గురించి మీరే రికార్డు తయారుచేయాలి. ఇప్పుడు యాక్సిడెంట్ అయితే పోలీసులు చోటుతో సహా ఫోన్‌లోనే ఐరాడ్ అనే యాక్సిడెంట్ల డేటాబేస్‌లో ఎక్కించాలి, ఐఐటీ మద్రాస్, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ కలిసి చేశారు దాన్ని, అందులోంచే రోడ్డు శాఖకీ ఆస్పత్రికీ సమాచారం పోతుంది. మీ ఊళ్లో జరిగినవి "ఇద్దరూ రాజీపడ్డారు" అని స్టేషన్ దాకా పోకుండా ఆగిపోతే అవి జరగనట్టే లెక్క. చిన్నదైనా ఎక్కించమని ఎస్సై గారిని అడగండి. కేసుల దాకా రానివి పంచాయతీలో ఒక నోటుబుక్కులో రాయించండి, తేదీ, టైము, ఏ బండి, ఎందుకు, తప్పిపోయినవి కూడా, మలుపు దగ్గర కిరాణా కొట్టాయనకి ఇవన్నీ తెలిసే ఉంటాయి. మూడు నెలల పేజీలు ఫొటో తీసి, నేషనల్ హైవే అయితే రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టండి, రాష్ట్ర రోడ్డు అయితే ఆర్ అండ్ బీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ గారికి ఒక కాపీ, కలెక్టర్ గారు అధ్యక్షులుగా ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం రోడ్డు డిజైన్‌లోనో నిర్వహణలోనో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా అవిటివాడైనా ఆ రోడ్డు బాధ్యత ఉన్న అధికారికో కాంట్రాక్టర్‌కో లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది, ఆ సెక్షన్ పేరు లెటర్‌లో రాయండి. మలుపు పేరు ఊళ్లోవాళ్లు పిలుచుకునేది రాస్తే ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు, కిలోమీటరు రాయి మీద నంబరు కూడా వేయండి.